ఊది చూడని గొట్టం

ఊదుగొట్టం కొనడానికి వచ్చినవాడికి గొట్టాలత్త ముందుగా ధర చెప్పేది కాదు. గొట్టం చేతికిచ్చి, బల్ల చివర వెలుగుతున్న స్పిరిటు దీపం వైపు గడ్డంతో చూపించి, "ఊదు" అనేది. పెద్దవాళ్లయితే "ఊదండి" అనేది. అంతకు మించిన మర్యాద ఆ దుకాణంలో ఎవరూ ఆశించేవారు కాదు.

ఊదుగొట్టమంటే నగల పనివాళ్లు వాడే ఇత్తడి గొట్టం. జానెడు పొడవుంటుంది. నోట పెట్టుకునే వైపు లావుగా ఉండి, పోనుపోను సన్నబడి, చివర ముక్కులా వంగుతుంది. ఆ ముక్కుకు సూదిమొన పట్టేంత బెజ్జం ఉంటుంది. దీపం పక్కన పెట్టి ఊదితే మంట నీలంగా నాలుక చాపి, అతుకు ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే తాకుతుంది. గ్యాసు దీపాలు వచ్చి చాలాకాలమైనా సన్నపని చేసేవాళ్లు దీన్ని వదల్లేదు. గ్యాసు మంట చెప్పిన మాట వినదని వాళ్ల ఫిర్యాదు.

బెజ్జం లోపల ఎక్కడైనా ఇత్తడి పొలుసు మిగిలిపోతే బయటికి కనిపించదు. ఊదితేనే తెలుస్తుంది. మంట రెండుగా చీలుతుంది. ఒక పాయ అతుకు మీదికి పోతే ఇంకో పాయ ఊదేవాడి కనుబొమ్మల మీదికి వస్తుంది, లేదంటే పక్కనున్న రాయిని పగలగొడుతుంది. పొలుసు లేని గొట్టమైనా అందరికీ సరిపోదు. ఒకడి ఊపిరి బలంగా ఉంటుంది, ఇంకొకడిది నిదానంగా సాగుతుంది. బెజ్జం ఊపిరికి తగ్గట్టుండాలి. అందుకే ఊది చూడని గొట్టం గడప దాటకూడదని గొట్టాలత్త అత్తగారు ఒక కట్టుబాటు పెట్టింది. దుకాణం కోడలి చేతికొచ్చాక ఆ కట్టుబాటు ఇంకా బిగిసింది. ప్రతి గొట్టాన్నీ ముందు తను ఊది, బాగుంటే మెడ దగ్గర చిన్న చుక్క కొట్టేది. ఆ తర్వాత కొనేవాడు ఊదాలి.

నగల పనివాడు ఊదే తీరే వేరు. బుగ్గల నిండా గాలి నిలుపుకుని, దాన్ని నోటితో వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చుకుంటాడు. మంట మధ్యలో తెగదు. అది పట్టుబడాలంటే నెలలు పడుతుంది. రానివాడు రెండు ఊపిర్లకే దగ్గుతాడు. గొట్టాలత్త అలాంటివాడి చేతిలోంచి గొట్టం లాగేసుకుని, "నీకెందుకయ్యా ఇది?" అని పంపించేసేది. సందుగొందుల్లో మత్తు పొగ పీల్చేవాళ్లు ఒకరిద్దరు వచ్చి ఇలాగే తిరిగిపోయారు కూడా. ఆ సంగతి ఆవిడ గర్వంగా చెప్పుకునేది.

దుకాణం నడవాలాంటి గది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు బయటికి వెళ్లి రావాలి. ఒక గోడంతా సొరుగులే. రాళ్లు తూచే అరచేతి కాటాలు, రాళ్లు వేసుకునే బుల్లి ప్లాస్టిక్ సంచులు, అతుకు మీద చల్లే తెల్లటి వెలిగారం పొడి, ఇత్తడి జాలీలు, పట్టకార్లు, బొగ్గు దిమ్మలు. ఆవిడ వాటిని పని నడిచే వరసలోనే పెట్టింది. తూచాక సంచి, సంచి తర్వాత పొడి, పొడి పక్కన గొట్టం, గొట్టం పక్కన దీపం. చూపు మందగించిన పనివాళ్లు కూడా చెయ్యి చాపి కావలసింది తీసుకునేవారు. గది వెనక భాగంలో ఆవిడ భర్త ఉంగరాల లోపల అక్షరాలు చెక్కుతూ కూర్చునేవాడు. ఆయన చేతికెంత నేర్పుందో నోటికీ అంతే ఉంది. కాకపోతే చెయ్యి అప్పుడప్పుడూ ఆగేది.

మునిసిపాలిటీ కొత్త నిబంధన తెచ్చినప్పుడు గొట్టాలత్త సంతోషించింది. మత్తుమందులు పీల్చడానికి, తూచడానికి, పొట్లాలు కట్టడానికి పనికొచ్చే సామాను దుకాణాల్లో ఇష్టమొచ్చినట్టు అమ్మకుండా కట్టడి చేస్తారట. బస్టాండు వెనక సందులో స్పృహ లేకుండా పడివున్నవాళ్లను ఆవిడా చూసింది. ఇన్నాళ్లకు వీళ్లకు కళ్లు తెరుచుకున్నాయని, నిబంధన కాగితాన్ని స్వయంగా అద్దానికి అంటించింది. అంటించాక తీరిగ్గా చదివింది. గొట్టాలు, చిన్న కాటాలు, చిన్న సంచులు, జాలీలు. చదువుతుంటే తన సొరుగుల పేర్లు ఎవరో వరసపెట్టి పిలుస్తున్నట్టనిపించింది.

తనిఖీకి వచ్చినవాడు ఆవిడ సొంత అన్న కొడుకు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ సొరుగుల మధ్యే గడిపి, ఆవిడ దగ్గరే ఊదడం నేర్చుకున్నవాడు. ఇప్పుడు మునిసిపాలిటీలో దుకాణాల తనిఖీ అధికారి. గుమ్మంలోనే ఆగి, మెడలో వేలాడుతున్న కార్డు సర్దుకున్నాడు.

"అత్తా, ఇవాళ నేను మేనల్లుడిగా రాలేదు. తనిఖీకొచ్చాను."

"అయితే కుర్చీ లేదు, నిలబడు."

అతను నిలబడే చెప్పాడు. వస్తువు ఒక్కటే చూసి తప్పనరు. దాన్ని దేని పక్కన పెట్టారు, ఎలా చూపిస్తున్నారు, అమ్మేవాళ్లు దాని గురించి ఏమంటున్నారు, ఈ మూడూ చూస్తారు. కాటా ఒక్కటే ఉంటే కాటా. కాటా పక్కన బుల్లి సంచులు, వాటి పక్కన తెల్లపొడి, దాని పక్కన గొట్టం, ఆ పక్కనే వెలుగుతున్న దీపం ఉంటే దాన్ని సెట్టంటారు. అవి విడివిడిగా ఉండాలి. గొట్టాలు తాళం లోపల ఉండాలి. లైసెన్సు మళ్లీ రాయించుకునే గడువు దగ్గరపడుతోంది కాబట్టి ఈలోగా సర్దేయమన్నాడు.

నగల పని కూడా సెట్టే కదరా, అన్నీ ఒకే పనికి కదా అని ఆవిడ వాదించింది. తనకు తెలుసని, కాగితానికి తెలియదని అతనన్నాడు. వెనకనుంచి ఆవిడ భర్త ఉలి దించి, పౌరుల హక్కుల మీద మాట్లాడబోయాడు. మేనల్లుడు అప్పటికే మెట్లు దిగిపోయాడు.

ఆవిడ సొరుగులన్నీ చెదరగొట్టింది. కాటాలు మెరుగు గుడ్డల పక్కకు వెళ్లాయి. సంచులు కప్పు దగ్గరి అరలోకెక్కాయి. వెలిగారం ఉంగరాల డబ్బాల మధ్యకు పోయింది. గొట్టాలు అడుగు సొరుగులో తాళం వెనక పడ్డాయి. దుకాణం దొంగలు వెతికిపోయిన ఇల్లులా తయారైంది. దిద్దులు చేసే తాత అలవాటుగా చెయ్యి చాపి సంచులనుకుని ఆకురాయి పట్టుకుని, వేలు గీరుకున్నాడు. ఒకాయన వెలిగారం దొరక్క, "అమ్మకం మానేశారా, చెప్పచ్చుగా" అని అలిగి వెళ్లిపోయాడు. సంచుల కోసం ఆవిడ రోజంతా స్టూలెక్కి దిగుతూనే ఉంది.

అసలు చిరాకు గొట్టాల దగ్గర మొదలైంది. ఇదివరకు నలుగురి ముందూ చేతికిచ్చే వస్తువును ఇప్పుడు వంగి, తాళం తీసి, బయటికి తీయాలి. తాళం చప్పుడు వినగానే కొనేవాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించేవాడు. పెళ్లాం బిడ్డలతో వచ్చిన పెద్దమనిషి కూడా, "అమ్మా, ఒక గొట్టం" అని గుసగుసలాడేవాడు. తప్పు చేయనివాళ్లచేత తప్పు చేస్తున్నట్టు నటింపజేయడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదని ఆవిడ తాళంచెవి బల్ల మీద విసిరికొట్టేది.

పక్కనే బహుమతుల దుకాణం ఉంది. దాని యజమానిని వీధంతా నవ్వులయ్య అనేది. ఎవరేమన్నా నవ్వేవాడు. అతను సన్నటి గాజు గొట్టాలమ్ముతాడు. ఒక్కోదాంట్లో కాగితంతో చేసిన చిట్టి గులాబీ, రెండు చివరలా బిరడాలు, మీద 'అలంకరణ వస్తువు' అని చీటీ. కొన్నవాళ్లు దుకాణం మెట్లు దిగుతూనే బిరడా పీకి, గులాబీని కాలవలో పారేసి, గొట్టం జేబులో పెట్టుకుపోయేవారు. కాలవ పల్లం గొట్టాలత్త గుమ్మం వైపుంది. తడిసిన కాగితపు గులాబీలన్నీ అక్కడికొచ్చి ఆగేవి. పొద్దున్నే చీపురు పట్టుకుని వాటిని ఎత్తిపోయడం ఆవిడ పనుల్లో ఒకటైపోయింది.

రెండోసారి మేనల్లుడు వచ్చినప్పుడు ఆవిడ అతన్ని లోపలికి రానివ్వకుండా చెయ్యి పట్టుకుని కాలవ దగ్గరికి లాక్కెళ్లింది.

"ఇదేంటో చెప్పు."

"చూశానత్తా. చీటీ మీద అలంకరణ అనుంది. ఆయన అలంకరణనే అంటున్నాడు. పువ్వు పక్కన ఇంకో పువ్వే పెట్టాడు. మూడూ సరిపోయాయి."

"నీకు కళ్లు లేవా?"

"ఉన్నాయి. కళ్లున్నాయని పైకి రాశాను. జవాబు రాలేదు."

అతను విసుగ్గా నవ్వాడు. ఆ నవ్వులో అత్త పోలికే ఉంది. తర్వాత లోపలికి వచ్చి, ఈసారి అడగకుండానే స్టూలు మీద కూర్చుని, అసలు సంగతి చెప్పాడు. నిబంధన రాసిన మునిసిపాలిటీ కమిటీ కొత్తగా ఒక మాట చేర్చింది. అమ్మే గొట్టాన్ని దుకాణంలో దీపం దగ్గర పెట్టినా, నోట పెట్టినా, అది అమ్మే చోటు కాదు, వాడే చోటు. వాడే చోటుకు లైసెన్సు ఉండదు. గొట్టాల లైసెన్సే కాదు, మొత్తం దుకాణానిదే. గొట్టం ప్లాస్టిక్ కవరులో మూతపడి ఉండాలి, కొన్నవాడు ఇంటికెళ్లాకే విప్పాలి.

గొట్టాలత్త అందుకుంది. ఇక ఆగలేదు. ఊదమని తను అడగబట్టే కదా దొంగవాళ్లు దొరికిపోతున్నారు. ఊపిరి చూసి అమ్మే కొట్టు ఊళ్లో ఇంకెక్కడైనా ఉందా? మూత పెట్టి అమ్మితే ఎవడికి పోతోందో ఏం తెలుస్తుంది? ఈ మాటలు ఎవరైనా మీ కమిటీ చెవిన వేశారా?

"నేనే వేశాను. ఊదడం వచ్చినవాడికి తప్ప మా అత్త అమ్మదని కమిటీలో నిలబడి చెప్పాను. అప్పుడిది నా ముందు పెట్టారు."

అతను జేబులోంచి ఒక సంచి తీశాడు. అందులో ఒక ఊదుగొట్టం ఉంది. ముక్కు మసిబారి, ఒక పక్క నొక్కుకుపోయింది. బస్టాండు వెనక సందులో దొరికిందట. మెడ దగ్గర చుక్క ఉంది.

ఆవిడ దాన్ని సంచిలోంచే వేళ్లతో తడిమింది. చుక్క తనదే. బెజ్జం కూడా తనకు గుర్తే. కాస్త పెద్ద బెజ్జం, బలమైన ఊపిరికి తగినది. అలాంటివి ఎక్కువ అమ్ముడుపోవు. కొన్నవాడి మొహం వెంటనే కళ్లముందు మెదిలింది. ముప్పై దాటిన మనిషి, బక్కపలచగా ఉన్నాడు. దీపం ముందు కూర్చుని మొదటి ఊపిరికే మంటను సూదిలా నిలబెట్టాడు. అది తెగలేదు, వణకలేదు. పక్కనున్న ఇద్దరు పనివాళ్లు పని మరిచి చూశారు. గొట్టాలత్త ముచ్చటపడి, "ఇదిరా ఊపిరంటే" అని వాళ్లకు చూపించి, ధర తగ్గించి మరీ ఇచ్చింది. ఏం పని చేస్తావని అడగలేదు. అంత బాగా ఊదేవాణ్ణి అడగడానికి ఏముంటుంది?

"వాడెవడు?" అంది.

"బ్యాండులో క్లారినెట్ వాయించేవాడత్తా."

క్లారినెట్ వాయించేవాళ్లూ బుగ్గల్లో గాలి నిలుపుకునే ఊదుతారు. ఆ ముక్క ఆవిడకు తట్టనే లేదు. గొట్టం గురించి ఆవిడ చూడాల్సిందంతా చూసింది. మనిషి గురించి చూసింది మాత్రం వాడి బుగ్గలే.

ఆ వారమే క్లారినెట్ మనిషి తల్లి వచ్చింది. నిబంధన కోసం సంతకాలు సేకరించిన వాళ్లలో ఆవిడ కూడా ఉందని తర్వాత తెలిసింది. అరుస్తుందేమోనని గొట్టాలత్త భర్త ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆవిడ అరవలేదు. దుకాణమంతా ఒకసారి చూసింది. దీపం చూసింది. కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పింది. మత్తుమందు మానేస్తే మళ్లీ వాయించగలడని డాక్టర్లు అంటున్నారట.

"మావాడి ఊపిరి మెచ్చుకున్నది మీరేనా?"

గొట్టాలత్త అవునంది.

"ఇంటికొచ్చి చెప్పాడు. బ్యాండులో కూడా ఎవరూ అంతలా మెచ్చుకోలేదన్నాడు."

ఆవిడ అంతే చెప్పి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి సర్దిచెప్పబోయిన భర్తను గొట్టాలత్త చెయ్యెత్తి ఆపింది. తిట్టి పోయినా బాగుండునని ఆ రోజంతా అనుకుంది.

ఆవిడ భర్తకు మాత్రం ఉత్సాహం రోజురోజుకూ పెరిగింది. కోర్టుకు వెళ్దామన్నాడు. వీధిలోని దుకాణదార్లందరినీ కూడగడదామన్నాడు. కమిటీ ముందు చేయబోయే ఉపన్యాసం సాధన చేస్తూ, ఒక ఉంగరం లోపల పెళ్లికూతురి పేరుకు బదులు పెళ్లికొడుకు పేరు చెక్కేశాడు. గొట్టాలత్త ఉంగరం చూసి, ఆయన్ని చూసింది.

"ముందు ఈ పేరు చెరిపి సరిగ్గా చెక్కండి. చేతిలో ఉన్న పని చెడగొట్టుకుని ఊరినేం బాగుచేస్తారు?"

ఆయన అలిగాడు. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. ఆ నిబంధన వల్ల జరిగిన ఒకే ఒక్క మేలు అదేనని ఆవిడ కొట్టుకొచ్చిన ఒకామెతో అంది.

గడువు దగ్గరపడింది. టోకు వ్యాపారి నిబంధనకు తగ్గట్టు మూతపెట్టిన గొట్టాల పెట్టె పంపాడు. మెరిసే కవర్లు, లోపల అట్టముక్క. ఆవిడ ఒక కవరు చింపి ఊదింది. బాగుంది. ఇంకోటి చింపింది, అదీ బాగుంది. మూడోదానికి మంట చీలి ఆవిడ చేతి మీది నూగు మాడ్చింది. చింపిన కవరు మళ్లీ అతికి అమ్మడం నిబంధన ఒప్పుకోదు. చింపకుండా అమ్మితే ఏ గొట్టం ఎవరి కనుబొమ్మలు కాలుస్తుందో తెలియదు. కొలత తీయకుండా చొక్కా కుట్టి, ఇంటికెళ్లి తొడుక్కో, సరిపోకపోతే నీ ఖర్మ అన్నట్టుంది. పెట్టె మొత్తం తాడు కట్టి వెనక్కి పంపించేసింది.

భర్త కంగారుపడ్డాడు. గొట్టాలు లేకుండా లైసెన్సేమిటి, దుకాణమేమిటి, పనివాళ్లు ఇంకో కొట్టు చూసుకుంటారన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. స్టూలు ముందు పెట్టుకుని, కాటాలు తుడుస్తూ ఆలోచించింది. పెద్ద ఆలోచనేమీ కాదు. ఆ బక్కపలచని మనిషి ఊపిరి చూసింది గానీ వాడు కూర్చుని పని చేసుకునే బెంచీ చూడలేదు. చూసుంటే వాడికి బెంచీయే లేదని తేలిపోయేది. మళ్లీ ఇంకో క్లారినెట్ వాడు వస్తే? ఇంకో బాకా వాడు వస్తే? దుకాణంలో దీపం పెట్టి ఎంత ఊదించినా వచ్చినవాడు ఎక్కడినుంచి వచ్చాడో దీపం చెప్పదు. నిబంధన మీదున్న కోపంలో ఇన్నాళ్లూ ఆ సంగతి ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక కోపం తగ్గాలి కదా, తగ్గలేదు. ఇప్పుడు నిబంధన మీదా, తన మీదా రెండు కోపాలయ్యాయి.

తనిఖీ రోజున కమిటీ అధ్యక్షురాలు స్వయంగా వచ్చింది. వెంట మేనల్లుడు. అధ్యక్షురాలు ఓపికగా అన్నీ చూసింది. కాటాలు గుడ్డల పక్కన ఉన్నాయి. సంచులు పైన ఉన్నాయి. దీపం లేదు. అడుగు సొరుగు తాళం తీయమంది. తీస్తే ఖాళీగా ఉంది.

"గొట్టాలేవండీ?" అని అడిగింది.

"ఇక్కడ అమ్మను."

"మరి ఎక్కడ అమ్ముతారు?"

"కొనేవాడి బెంచీ దగ్గర. కబురు పెడితే నేనే తీసుకెళ్తాను. వాడి దీపం, వాడి ఊపిరి. వాడు పని చేసే చోటు నా కళ్లతో చూసి, ఊదించి, ఇచ్చి వస్తాను. బెంచీ లేనివాడికి గొట్టం లేదు."

అధ్యక్షురాలు మేనల్లుడి వైపు తిరిగింది. అతను కాగితాలు ముందుకూ వెనక్కీ తిప్పాడు. తిప్పుతున్నంతసేపూ వెనకనుంచి గొట్టాలత్త భర్త గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. ఉపన్యాసానికి ఇంతకంటే మంచి అదను దొరకదని ఆయన ఆశ. గొట్టాలత్త కాలితో ఆయన స్టూలును నెమ్మదిగా వెనక్కి తోసింది.

"ఇది దుకాణాల నిబంధన మేడమ్. ఆర్డరు మీద పనిచోటుకు తీసుకెళ్లి ఇవ్వడానికి పాత లైసెన్సే సరిపోతుంది. అది వద్దనే మాట మన కాగితాల్లో లేదు" అని అతను కాసేపాగి, "ఇంకా" అన్నాడు.

అధ్యక్షురాలు కూడా ఆ 'ఇంకా' విని కాస్త నవ్వింది. బెంచీ సంగతి బాగానే ఉందంటూ సంతకం పెట్టింది. పెట్టాక, కాటాల పక్కన 'నగల కోసం మాత్రమే' అని చీటీ అంటించమంది. సంచుల పక్కన కూడా అంటించమంది. మెట్లు దిగుతూ నవ్వులయ్య దుకాణం అద్దాల్లోని గులాబీలు చూసి, భలే ముద్దుగా ఉన్నాయే అంది. మేనల్లుడు వెనక్కి తిరిగి అత్త మొహం చూడలేదు. చూస్తే ఏమవుతుందో అతనికి తెలుసు.

దుకాణం నిలిచింది. గొట్టాలత్త మోకాళ్లే బలయ్యాయి. నగల పనివాళ్లు నేల మీద ఉండే మనుషులు కారని ఆవిడకు అప్పుడు తెలిసొచ్చింది. అందరూ మేడ మీది గదుల్లో, మిద్దె మీద రేకుల కింద, ఇరుకు మెట్ల చివర ఉంటారు. గుడ్డ సంచిలో రకానికి రెండు చొప్పున గొట్టాలు వేసుకుని, పొద్దున దుకాణం భర్తకు అప్పగించి బయల్దేరేది. ఆయన వచ్చినవాళ్లకు సరుకు అమ్మకుండా జరిగిన అన్యాయం వివరించేవాడు. సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేసరికి సరుకు తక్కువగా, సానుభూతి ఎక్కువగా పోగయ్యేది.

బెంచీల దగ్గర చూసింది ఆవిడకు ఇంకా చిరాకు తెప్పించింది. తను ఊది, చుక్క కొట్టి ఇచ్చిన గొట్టాల గతి ఇదా? ఒకడు దాంతో టీ గ్లాసులో చక్కెర కలుపుతున్నాడు. ఒకడి గొట్టంలో సగానికి మైనం పేరుకుపోయింది, వాడు ఊపిరి తగ్గిందనుకుని డాక్టరు దగ్గరికి తిరుగుతున్నాడు. ఆవిడ సూది పెట్టి మైనం లాగి ఇస్తే వాడికి వయసు పదేళ్లు తగ్గింది. రెండుచోట్ల, కబురు పెట్టినవాళ్లకు బెంచీ లేదు. ఒక చోట మంచం, ఇంకో చోట ఖాళీ గది ఉన్నాయి. తలుపు తీసినవాడి మొహం చూసి, సంచి విప్పకుండానే వెనుదిరిగింది. ఆ రెండుసార్లూ మెట్లు దిగుతున్నప్పుడు మోకాళ్ల గురించి ఏమీ అనలేదు.

దిద్దుల తాత గది మూడో అంతస్తులో ఉంది. ఆయన కబురు మీద కబురు పెట్టాడు. గొట్టాలత్త రొప్పుతూ ఎక్కి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తాత బెంచీ ముందు కూర్చుని నీళ్లిచ్చాడు. కిటికీ కింద బొగ్గు దిమ్మ, దాని మీద అతుకు పడని ఒక దిద్దు. ఆవిడ మొదటి గొట్టమిచ్చింది. మంట తెగింది. తాత ఊపిరి పాతబడింది, ఆయన ఒప్పుకోడు. గొట్టానిదే తప్పన్నాడు. రెండోదిచ్చింది. కాస్త నిలబడి వణికింది. ఆవిడ సంచి అడుగు వెతికి అన్నిటికంటే సన్న బెజ్జమున్నది తీసి చేతిలో పెట్టింది. ఆయన ఊదాడు. మంట సన్నగా సాగి దిద్దును తాకింది. వెలిగారం పొంగి, కరిగి, అతుకు ఒక్కసారి మెరిసి కూర్చుంది. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు.

తాత తృప్తిగా మూతి తుడుచుకున్నాడు. అంత దూరం ఎలాగూ వచ్చావు కదా, తన బావమరిదికి కూడా ఒకటిచ్చి పొమ్మన్నాడు. వాడి ఊపిరి తనలాంటిదేనని, తనే తీసుకెళ్లి ఇస్తానని, వాడు చాలా మంచివాడని చెప్పుకొచ్చాడు.

"మంచివాడైతే మంచిదే. బెంచీ ఎక్కడో చెప్పండి."

"నా మాట మీద నమ్మకం లేదామ్మా?"

"మీ మాట మీద ఉంది. మీ బావమరిది ఊపిరి గురించి నాకేం తెలుసు?"

తాత చెప్పాడు. ఊరికి అటు చివర, కొత్త మేడల్లో, ఐదో అంతస్తు. లిఫ్టు ఉండేదట, ఇప్పుడు పనిచేయడం లేదట.

గొట్టాలత్త సంచి భుజానికి తగిలించుకుని, మెట్ల కమ్మీ పట్టుకుంది. "ఐదో అంతస్తులో బంగారం పని పెట్టుకోమని వాడికి ఎవడు చెప్పాడండీ" అని గొణుక్కుంటూ, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు వేస్తూ దిగసాగింది.